వా పెడల్‌కు బీసీ 109 ట్రాన్సిస్టర్ దొరకకపోతే ఏది వాడాలి?

కాలితో నొక్కుతూ గిటార్‌తో 'వా' అనిపించే వా పెడల్ పుట్టిందే ఒక భాగానికి బదులు మరొకటి పెట్టడం వల్ల. 1966లో అమెరికాలోని థామస్ ఆర్గన్ కంపెనీ ఇంజనీరు బ్రాడ్ ప్లంకెట్, యాంప్లిఫయర్‌లోని ఖరీదైన మూడు స్థానాల స్విచ్చును తీసేసి చవకైన పొటెన్షియోమీటర్ (తిప్పేకొద్దీ నిరోధం మారే భాగం) పెట్టే ప్రయత్నంలో ఉండగా ఆ ధ్వని బయటపడింది. కాబట్టి పాత సర్క్యూట్ బొమ్మలో ఉన్న బీసీ 109 గానీ, తర్వాతి కాలపు క్రై బేబీ అనే వా పెడల్‌లో ఉండే ఎంపీఎస్‌ఏ 18 గానీ అంగట్లో లేవని పని ఆపుకోనక్కర్లేదు.

ముందుగా, ఏ ట్రాన్సిస్టర్ ఏం చేస్తుందో చూడండి

వాక్స్ బ్రాండు పాత పెడల్ తరహా సర్క్యూట్‌లో ఉండేవి రెండే ట్రాన్సిస్టర్లు. రెండూ ఎన్‌పీఎన్ సిలికాన్ రకం. ఒక్కోదానికి మూడు కాళ్లు: ఎమిటర్, బేస్, కలెక్టర్. మొదటిది సిగ్నల్‌ను పెంచుతుంది. రెండోది ఎమిటర్ ఫాలోయర్. అది పెంచదు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను నడుపుతుంది. పెడల్ కదిలేకొద్దీ ఆ కెపాసిటర్ విలువే పెరుగుతూ తగ్గుతూ ఉన్నట్టు ఇండక్టర్‌కు (సర్క్యూట్‌లోని తీగ చుట్టకు) తోస్తుంది. 'వా' అనే ఆ మూలుగు అక్కడిదే.

గెయిన్ ఎంత ఉండాలి?

గెయిన్, అంటే ట్రాన్సిస్టర్ తన బేస్‌లోకి వచ్చే కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ సంఖ్య, ఎంత ఎక్కువైతే అంత మంచిదని చాలామంది నమ్మకం. నేనూ అలాగే అనుకునేవాడిని, లెక్క వేసి చూసేదాకా. మొదటి ట్రాన్సిస్టర్ ఎమిటర్ వద్ద 390 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. ట్రాన్సిస్టర్ లోపలి నిరోధం మరో నూరు ఓమ్‌ల పైచిలుకు. రెండూ కలిపి సుమారు 500. దీన్ని గెయిన్‌తో గుణిస్తే బేస్ వద్ద కనిపించే నిరోధం వస్తుంది. గెయిన్ 100 అయితే 50 కిలో ఓమ్‌లు, 450 అయితే 225. ఇది ఇండక్టర్‌కు అడ్డంగా ఉన్న 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో దాదాపు సమాంతరంగా పడుతుంది. అంటే ఆ 33 కాస్తా మొదటి సందర్భంలో 20కి జారిపోతుంది, రెండోదానిలో 29 దగ్గర నిలుస్తుంది. గెయిన్ 900 ఉన్నా 31కి మించదు.

ఆ విలువ తగ్గేకొద్దీ వా పదును తగ్గుతుంది. అంటే తక్కువ గెయిన్ ఉన్నది పెడితే ధ్వని మొద్దుబారుతుంది. 400 దాటాక మాత్రం చెవికి తేడా తెలియడం కష్టం, బుస మాత్రం పెరగవచ్చు. నా లెక్కలో మొదటిదానికి 350 నుంచి 600, రెండోదానికి 250 పైన ఉంటే చాలు.

ఏది కొనాలి?

నా ఓటు బీసీ 549సీకి. చవక, రొద తక్కువ, గెయిన్ 420 నుంచి 800 మధ్య ఉంటుంది. బీసీ 550సీ కూడా అంతే. బీసీ 547సీ అయినా పనిచేస్తుంది. చివర ఉన్న 'సీ' అక్షరాన్ని మాత్రం చూసి తీసుకోండి, అది గెయిన్ వర్గం. 2ఎన్ 5088, 2ఎన్ 5089 దొరికితే అవీ మంచివే. ఎక్కడపడితే అక్కడ దొరికే 2ఎన్ 3904 గెయిన్ 100 నుంచి 300 లోపే ఉంటుంది కనుక మొదటి స్థానానికి వద్దు.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కామన్ ఎమిటర్ ప్రయోగానికి వాడే బీసీ 107 ఇంట్లో పడి ఉంటే, అది బీసీ 109కి దగ్గరి చుట్టమే. గెయిన్ కొలిచి, 350 దాటితే నిశ్చింతగా పెట్టండి. పవర్ సర్క్యూట్లలో వాడే ఎస్‌ఎల్ 100 జోలికి పోకండి. బీసీ 557 పేరు చూసి మోసపోవద్దు, అది పీఎన్‌పీ, కరెంటు దిశ తిరగబడిన రకం.

చవక మల్టీమీటర్లలో కూడా గెయిన్ కొలిచే చిన్న సాకెట్ ఉంటుంది. అది చెప్పే సంఖ్య ఉజ్జాయింపే, కానీ పది ట్రాన్సిస్టర్లలోంచి రెండు ఎంచుకోవడానికి సరిపోతుంది.

కాళ్ల వరుస

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే బీసీ 547, 549, 550లకు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎంపీఎస్‌ఏ 18, 2ఎన్ 5088లకు సరిగ్గా తిరగేసి: ఎమిటర్, బేస్, కలెక్టర్. లోహపు టోపీ ఉన్న బీసీ 107, 109లను కింది నుంచి చూస్తే, అంచున ఉన్న చిన్న నాలుక పక్కన ఎమిటర్, అక్కడి నుంచి గడియారం దిశలో బేస్, కలెక్టర్. ఆ టోపీ కలెక్టర్‌కు కలిసి ఉంటుంది, పెట్టె గోడకు తగలనివ్వకండి.

తిరగేసి పెట్టినా ట్రాన్సిస్టర్ పూర్తిగా చచ్చిపోదు, అతి తక్కువ గెయిన్‌తో నీరసంగా పనిచేస్తుంది. ఒకసారి అలా పెట్టి, తప్పు పొటెన్షియోమీటర్‌దని రెండు కొత్తవి మార్చాను. అందుకే ఇప్పుడు బోర్డు మీద ముందు ఐసీ సాకెట్ నుంచి కోసిన మూడు రంధ్రాల ముక్కను టంకం వేస్తాను, ట్రాన్సిస్టర్లను అందులో గుచ్చి మారుస్తూ వింటాను.

వోల్టేజీ చూడండి

9 వోల్టుల బ్యాటరీతో మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ వద్ద 4 నుంచి 5 వోల్టులు, బేస్ వద్ద 0.6 నుంచి 0.7 ఉండాలి. ఈ బయాస్ (ట్రాన్సిస్టర్‌ను పనిచేసే స్థితిలో ఉంచే వోల్టేజీ) కలెక్టర్ నుంచే 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా వస్తుంది. అందుకే ట్రాన్సిస్టర్ మారినా పెద్దగా చలించదు. కలెక్టర్ వద్ద 9 కనిపిస్తే కాళ్ల వరుసో టంకమో తప్పింది. రెండోదాని ఎమిటర్ వద్ద మూడున్నరకు అటూ ఇటూ ఉంటే సరే.

ఇంతా చేశాక పెడల్‌లోంచి రేడియో వార్తలు వినిపిస్తే, మొదటిదాని బేస్‌కు, ఎమిటర్‌కు మధ్య 100 పికోఫారడ్ కెపాసిటర్ వేయండి. బేస్‌కు, కలెక్టర్‌కు మధ్య వేయవద్దు. అక్కడ గెయిన్ దాని విలువను ఎన్నో రెట్లు చేసి, పై స్వరాలను మింగేస్తుంది.