ఐస్‌లాండ్ లేత గుర్రానికి జీను అలవాటు చేయడం ఎలా?

ఐస్‌లాండ్‌లో పుట్టిన గుర్రప్పిల్ల మూడేళ్లదాకా మనిషి చెయ్యి పెద్దగా ఎరగదు. మందతో కలిసి ఆరుబయటే పెరుగుతుంది. చాలాచోట్ల వేసవిలో మందలను కొండల మీది ఉమ్మడి మేతభూముల్లోకి తోలి, సెప్టెంబరులో ఊళ్లవాళ్లంతా కలిసి వెళ్లి కిందికి మళ్లించుకొస్తారు. పెద్ద గుర్రం చెవులు వెనక్కి వాలిస్తే పక్కకు తప్పుకోవాలని, కొరికితే తన్ను తప్పదని ఆ మందే నేర్పుతుంది. ఈ చదువు అయిన గుర్రం మన దగ్గరికి వచ్చిందంటే సగం పని జరిగిపోయినట్టే. మిగిలిన సగం మన చేతిలో ఉంటుంది. ఉత్తర ఐస్‌లాండ్‌లోని స్కాగాఫ్యోర్దుర్‌లో, గుర్రాల పెంపకానికి పేరున్న ఆ ప్రాంతంలో, శీతాకాలాలు పనిచేస్తూ నేను నేర్చుకున్న క్రమం ఇది.

ఒక్క మాట ముందుగా చెప్పాలి. ఇంతకుముందు ఏ గుర్రానికీ జీను అలవాటు చేయనివాళ్లు ఒంటరిగా ఈ పనికి దిగవద్దు. అనుభవం ఉన్న మనిషి పక్కన ఉండాలి. తలకు హెల్మెట్, చేతులకు గ్లవుజులు తప్పనిసరి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు.

వయసు చూడండి

ఈ గుర్రం ఎత్తు సాధారణంగా 130 నుంచి 145 సెంటీమీటర్లు. చిన్నగా, దిట్టంగా ఉంటుంది కాబట్టి మూడేళ్లకే ఎదిగిపోయిందని పొరబడతాం. నిజానికి ఇది నిదానంగా ఎదిగే జాతి. పూర్తి ఎదుగుదల ఆరేడేళ్లకు గానీ రాదు. అన్నిటికన్నా ఆలస్యంగా గట్టిపడేవి వెన్నెముక ఎముకలు. మనం బరువు పెట్టేదీ సరిగ్గా అక్కడే. అందుకే నాలుగో ఏట మొదలుపెట్టడం అక్కడి ఆనవాయితీ. ఒక్క ఏడాది ఓపిక పడితే, ఇరవై ఏళ్లు దాటాక కూడా హాయిగా మనిషిని మోసే గుర్రాలు ఈ జాతిలో ఎన్నో ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు పశువైద్యుడితో వీపు, గిట్టలు, పళ్లు చూపించండి. కొన్ని గుర్రాలకు దవడ పళ్ల ముందు చిన్న అదనపు పన్ను ఉంటుంది. కళ్లెం ఇనుము దానికి తగిలి నొప్పి పుడితే, ఆ నొప్పిని మనం మొండితనం అనుకుంటాం.

దగ్గరికి వెళ్లడం

చిన్న దడి లోపల, పక్క దడిలో మరో గుర్రం కనిపించేలా పని మొదలుపెట్టండి. మంద జంతువును ఒంటరిని చేసి నేర్పబోతే దానికి భయం తప్ప మరేమీ ఎక్కదు.

కళ్లలోకి చూస్తూ ఎదురుగా వెళ్లకండి. భుజం వైపు, కొంచెం ఏటవాలుగా నడవండి. గుర్రం తల తిప్పి మీ వైపు చూడగానే ఆగి, ఒక అడుగు వెనక్కి వేయండి. మొత్తం శిక్షణకు ప్రాణం ఆ వెనకడుగే. గుర్రం నేర్చుకునేది మనం ఒత్తిడి పెట్టినప్పుడు కాదు, తీసేసినప్పుడు. తాడు లాగితే అది ఒక అడుగు ముందుకు వేసిందనుకోండి, అదే క్షణంలో తాడు వదులు చేస్తే ‘ఇదన్నమాట అడిగింది’ అని దానికి అర్థమవుతుంది. రెండు క్షణాలు ఆలస్యమైతే, అప్పటికి అది ఏం చేస్తూ ఉంటే అదే నేర్చుకుంటుంది. మీ చెయ్యి ఎంత బలమైనదన్నది లెక్కలోకి రాదు, ఎంత త్వరగా వదులుతుందన్నదే లెక్క.

తాకనిచ్చాక మెడ, వీపు, పొట్ట, కాళ్లు రెండు వైపుల నుంచీ నిమరండి. ఎడమ వైపు నేర్చుకున్నది కుడి వైపు మళ్లీ కొత్తే. తర్వాత తలకు హాల్టర్ (నోట్లో ఇనుము లేని తలపట్టీ) వేసి నడిపించడం, ఆపడం, వెనక్కి జరపడం. ఇవి కుదిరాక మరో పెద్ద గుర్రం ఎక్కి, లేత గుర్రాన్ని పక్కన తాడుతో పట్టుకుని బయట తిప్పండి. ఐస్‌లాండ్‌లో ఇది మామూలు పద్ధతి. వాగు దాటడం, రోడ్డు మీద ట్రాక్టరు ఎదురైతే నిలబడడం పెద్ద గుర్రాన్ని చూసే నేర్చేసుకుంటుంది.

జీను వేయడం

తొందరపడేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మొదట జీను కింద వేసే గుడ్డను వాసన చూడనిచ్చి, వీపు మీద వేసి తీసేయండి. పదిసార్లు వేసి తీయండి. ఆ తర్వాత జీను, మెల్లగా, కాళ్లు పెట్టే రికాబులు పైకి మడిచి. భుజం ఎముక కదలికకు జీను అడ్డం రాకూడదు, వెనకవైపు చివరి పక్కటెముకను దాటకూడదు. ఈ గుర్రం వీపు పొట్టి కాబట్టి మీ దగ్గరున్న పెద్ద జీను ఏదో ఒకటి సరిపోతుందని అనుకోవద్దు.

పొట్ట కింద పట్టీ బిగించడం మరో ఘట్టం. ఒక గోధుమవన్నె ఆడగుర్రం నాకు గుర్తుంది. జీను పెట్టినప్పుడు నిమ్మళంగా నిలబడింది. పట్టీ రెండో రంధ్రానికి రాగానే చెవులు కదలడం మానేశాయి, కంటిపైన ముడత పడింది, ఊపిరి బిగపట్టింది. అరవలేదు, ఎగరలేదు. చూడటానికి మంచి గుర్రంలాగే ఉంది. ఆ నిశ్చలత్వాన్ని ఒప్పుకోలు అనుకుని బిగిస్తే మరుక్షణం ఎగిరిపడి ఉండేది. పట్టీని ఒక రంధ్రం వదులు చేసి, నాలుగడుగులు నడిపించాం. ముక్కు గట్టిగా చీది, తల వంచి, నోరు నమిలినట్టు కదిపింది. అప్పుడు మళ్లీ బిగించాం. ఆ రోజుకు అంతే.

కళ్లెం

నోట్లోకి సాదా ఇనుము చాలు. శీతాకాలంలో దాన్ని ముందు అరచేతిలో పట్టుకుని వెచ్చబరచండి. గడ్డకట్టే చలిలో ఇనుము నాలుకకు తగిలితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పగ్గాలు తగిలించకుండా కొన్ని రోజులు అలా నమలనివ్వాలి. ఆపైన పొడవాటి పగ్గాలు కట్టి, తన్నులకు అందని దూరంలో వెనక నడుస్తూ తిరగడం, ఆగడం నేర్పండి. ఎక్కాక అడగబోయేవన్నీ ఎక్కకముందే దానికి తెలిసి ఉండాలి.

ఎక్కడం

ముందుగా గుర్రం పక్కన ఎత్తు పీట మీద నిలబడి, పైనుంచి కనిపించడం అలవాటు చేయండి. తర్వాత బోర్లా వాలి కాస్త బరువు వేసి దిగిపోండి. రెండు వైపులా చేయండి. అది కదలకుండా, ఊపిరి మామూలుగా తీస్తూ ఉంటేనే కాలు అటు వేసి కూర్చోండి. తాడు పట్టుకున్న సహాయకుడు నేల మీద ఉండాలి, మొదటి అడుగులు ఆయన మాట మీదే పడాలి. ఎక్కేవారు తేలికపాటి మనిషై ఉంటే మేలు. మొదటిరోజు రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత కూడా కొన్ని వారాలపాటు పదిహేను, ఇరవై నిమిషాలు మించవద్దు.

నాలుగైదు రోజులు దడిలో తిరిగాక, పెద్ద గుర్రం వెనక బయటికి తీసుకెళ్లండి. ఒకేచోట గుండ్రంగా తిప్పితే లేత గుర్రం విసుగెత్తిపోతుంది. ముందు దారి ఉంటే ఉత్సాహంగా నడుస్తుంది. ఐస్‌లాండ్ వాళ్లు ఈ ఉత్సాహానికి ఎంత విలువ ఇస్తారంటే, జాతి పెంపకానికి గుర్రాలను ఎంచి మార్కులు వేసేటప్పుడు దాన్నీ ఒక అంశంగా లెక్కిస్తారు. ఆ ఉత్సాహం చచ్చిపోయాక మళ్లీ పుట్టించడం ఎవరి తరమూ కాదు.

టోల్ట్ కోసం తొందర వద్దు

ఈ జాతికి పేరు తెచ్చింది టోల్ట్. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడుతూ, ఎప్పుడూ కనీసం ఒక పాదం నేల మీద ఉండే నడక. అందుకే పైన కూర్చున్నవారికి కుదుపు తెలియదు. కొన్నిటికి స్కేయ్ద్ అనే వేగపు నడక కూడా ఉంటుంది, అందులో ఒకే పక్క కాళ్లు జతగా కదులుతాయి. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పు ఈ అదనపు నడకలకు మూలమని 2012లో శాస్త్రజ్ఞులు తేల్చారు. మన పూర్వులు కూడా గుర్రం గతులు ఐదని లెక్కించి పంచధారలన్నారు. ఆ ఐదూ, మామూలు గుర్రాలకుండే మూడు నడకలకు ఈ రెండూ కలిపిన ఐదూ ఒకటి కావు గానీ, గుర్రం నడకను అంత శ్రద్ధగా గమనించినవాళ్లు ఇక్కడా ఉన్నారని తలుచుకుంటే నాకు సంతోషం.

టోల్ట్ పుట్టుకతో వచ్చేదే అయినా, మనిషి బరువుతో దాన్ని నిలబెట్టుకోవడానికి వీపు బలం కావాలి. మొదటి నెలల్లో నడక, ఆపై ఎదురు మూలల కాళ్లు జతగా పడే ట్రాట్, తిన్నని దారిలో దానంతట అది పట్టుకున్న వేగం, ఇవి చాలు. మధ్యలో టోల్ట్ దానికదే వస్తే రానివ్వండి. పగ్గాలు గుంజి తల ఎత్తించి తెప్పిస్తే వీపు పల్లంగా కుంగి బిగుసుకుపోతుంది.

ఒకటిన్నర, రెండు నెలలు ఇలా సాగాక, కొన్ని వారాలు మందలోకి వదిలేయండి. తిరిగి తెచ్చినప్పుడు మొదటిరోజు ఎక్కవద్దు. దడిలో జీను వేసి, పట్టీ నెమ్మదిగా బిగించి, చెవులు కదులుతున్నాయో లేదో చూడండి.