రొయ్యల కొనుగోలుకు, ధాన్యం మిల్లుకు సొంత యాప్: బయటి టీమ్‌తో చేయించుకునే పద్ధతి

బిల్లు కొట్టడం, జీఎస్టీ, స్టాకు, బ్యాంకు పద్దులు. ఇంతవరకే కావాలంటే ట్యాలీ చాలు, దానికోసం ఎవరికీ లక్షలు పొయ్యక్కర్లేదు. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కు అంతుపట్టని పనికి మాత్రమే సొంత యాప్ దండగ కాదు: చెరువు గట్టు మీద కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) తీసి రేటు కట్టడం, అప్పు మీద ఇచ్చిన మేతను పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజున మినహాయించుకోవడం, మిల్లు గేటు దగ్గర తేమ చూసి ధాన్యానికి తరుగు తీయడం. ఆ ముక్కను మాత్రం కొత్తగా చేయించి, సాయంత్రానికి పద్దులు ట్యాలీలోకి వెళ్లే ఏర్పాటు పెట్టించుకోండి. ఇప్పటి ట్యాలీ, అంటే ట్యాలీప్రైమ్, ఎక్స్ఎంఎల్ అనే డేటా రూపంలో పద్దులు తీసుకుంటుంది, మామూలుగా 9000 పోర్టు మీద; టీమ్‌కు ఈ ముక్క చెబితే చాలు. "ట్యాలీ ఎందుకండీ, అది కూడా మేమే చేసిచ్చేస్తాం" అన్నవాళ్లకు అక్కడే దణ్ణం పెట్టెయ్యండి.

టీమ్‌ని పిలవక ముందు చేయాల్సిన పని

హైదరాబాదు నుంచో విశాఖ నుంచో వచ్చే కుర్రాళ్లకు కోడ్ వచ్చు, కౌంట్ రాదు. మీ గుమస్తాకు కౌంట్ వచ్చు, కానీ ఆ లెక్క కాగితం మీద ఎక్కడా ఉండదు. యాప్‌లు మూలపడేది ఎక్కువగా ఈ సందులోనే. అందుకని ఎవరికీ ఫోన్ చెయ్యకముందే ఒక పంట కాలం కాగితాలన్నీ బయటికి తీయండి: కాటా చీటీలు, కౌంట్ స్లిప్పులు, రైతు ఖాతా పుస్తకం, వాట్సాప్‌లో పంపిన రేట్లు. వాటిలోంచి 20 బేరాలు ఏరండి. పన్నెండు సాఫీగా జరిగినవి, ఎనిమిది పేచీ పడినవి. ప్రతిదానికీ ఏ అంకెలు పెట్టారో, చివరికి రైతు చేతికి ఎంత ఇచ్చారో పైసలతో సహా రాయండి. పేచీ ఎందుకొచ్చిందో, ఎలా తెగిందో కూడా రాయండి. రేపు యాప్‌కు పరీక్ష పెట్టేది ఈ 20 బేరాలతోనే.

ఒక కౌంట్ స్లిప్పు తీసుకుందాం. 40 కౌంట్ 400 రూపాయలు, 50 కౌంట్ 350 అనుకోండి. మధ్యలో పది పాయింట్లకు 50 రూపాయలు, అంటే పాయింటుకు 5. పట్టుబడిలో మూడుసార్లు రెండేసి కేజీలు తూచి లెక్కపెడితే 92, 95, 92 వచ్చాయి. మొత్తం 279 రొయ్యలు, 6 కేజీలు, కౌంట్ 46.5. ఇప్పుడు దీన్ని 46 అంటారా, 47 అంటారా, సగం సగంగానే వదిలేస్తారా? 46 అయితే కేజీ 370, 47 అయితే 365, అలాగే వదిలితే 367.50. మూడు టన్నుల సరుకు మీద 46కీ 47కీ తేడా 15,000 రూపాయలు. మీ గుమస్తా రైతు ముఖం చూసి, మార్కెట్ చూసి ఏదో ఒకటి తేల్చేస్తాడు. ప్రోగ్రామర్ మాత్రం బళ్లో నేర్పినట్టు సగాన్ని పైకి సవరిస్తాడు, అంటే ప్రతిసారీ రైతుకు తక్కువ కట్టేస్తాడు. మొదటి వారంలోనే ఊళ్లో మీ పేరు పోతుంది. కాబట్టి సవరింపు పద్ధతి, మెత్త రొయ్యకు కోత, నీటి తరుగు ఎంత శాతం, ట్రే బరువు ఎప్పుడు తీసెయ్యాలి, నమూనాల బరువులు సమానంగా లేనప్పుడు సగటు ఎలా కట్టాలి, ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కో వాక్యంగా రాసివ్వండి. రేటు మార్చే హక్కు ఎవరికుందో, మారిస్తే ఎవరు మార్చారో యాప్‌లో నమోదు కావాలని కూడా.

వడ్డీ దగ్గర ఇంకా పెద్ద గొయ్యి ఉంది. "రెండు రూపాయల వడ్డీ" అంటే మనకు నూటికి నెలకు రెండు. బయటి కుర్రాడికి అది ఏడాదికి 2 శాతం. లక్ష రూపాయల మేతకు 100 రోజుల వడ్డీ అతని లెక్కలో 548 రూపాయలు. మన లెక్కలో నెలకు 30 రోజుల చొప్పున రోజువారీ కడితే 6,667. నెల దాటిన ముక్కను పూర్తి నెలగా పట్టేవాళ్లకు 8,000. మూడూ గణితంగా తప్పు కాదు, మీ ఖాతా పుస్తకంలో ఉన్నది మాత్రం వాటిలో ఒక్కటే. వడ్డీ మేత దిగిన రోజు నుంచా, బిల్లు రోజు నుంచా, మధ్యలో రైతు కట్టిన డబ్బు ముందు వడ్డీకా అసలుకా, అదీ రాయాలి.

మిల్లర్లకైతే తేమ. ప్రభుత్వ కొనుగోలుకు పరిమితి 17 శాతం. 20 శాతం తేమతో వచ్చిన ధాన్యానికి పాయింటుకు కేజీ చొప్పున కోస్తే క్వింటాకు 3 కేజీలు పోతుంది, ఎండు బరువు లెక్క కడితే 3.6 కేజీలు. ఏది మీ ఆనవాయితీ? బస్తా 75 కేజీలదా, ప్రభుత్వ సంచి 40 కేజీలదా అన్నది తెర మీద చూపించే సంగతి మాత్రమే. లోపల అంతా కేజీల్లోనే నిల్వ ఉండాలని ఖరాఖండిగా చెప్పండి. బస్తాల్లో నిల్వ చేసిన డేటాబేసును తర్వాత సరిచెయ్యడం మహా నరకం.

ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు నలుగురైనా ఉంటారు. పేరుతో వెతికే యాప్ ఒకరి బాకీ ఇంకొకరి మీద వేసేస్తుంది. ఫోన్ నంబరు, తండ్రి పేరు, చెరువు సర్వే నంబరు, ఈ మూడూ పెట్టించండి. ఫోన్ నంబర్లు మారుతుంటాయి కాబట్టి లోపల ప్రతి రైతుకూ మారని నంబరు ఒకటి ఉండాలి. జిల్లా పేర్లను జాబితాలో మార్చుకునే వీలు పెట్టించండి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు పాత పేర్లు కోడ్‌లోనే రాసేసుకున్న చోట తంటాలే. జీఎస్టీ రేట్లకూ ఇదే మాట. 2025 సెప్టెంబర్ 22న 12 శాతం శ్లాబు ఎత్తేశారు. రేటును ఆఫీసులో కూర్చుని మార్చుకోగలగాలి గానీ దానికోసం ప్రోగ్రామర్‌కు ఫోన్ చెయ్యాల్సిన పని ఉండకూడదు.

ఎవరికి ఇవ్వాలి

రాసిన కాగితాలు నాలుగైదు పేజీలకు మించవు. వాటినే ముగ్గురికి ఇవ్వండి. ధర కంటే ముందు వాళ్లు అడిగే ప్రశ్నలు చూడండి. "కాటా ముందా, ఐస్ వెయ్యడం ముందా?" "రైతు స్లిప్పు మీద సంతకం పెట్టనంటే?" అని అడిగేవాడు పని చేస్తాడు. ఒక్క ప్రశ్నా లేకుండా మర్నాడే కొటేషన్ పంపినవాడు మీ కాగితం చదవలేదు. మాట్లాడడానికి వచ్చినవాళ్లు కాకుండా కోడ్ రాసే మనిషి కనీసం ఒక తెల్లవారుజామున పట్టుబడికి వచ్చి గట్టు మీద నిలబడాలని షరతు పెట్టండి. అతను ముందు చేసిచ్చిన వ్యాపారస్తుడితో ఫోన్లో మాట్లాడండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. "చివరిసారి ఆగిపోయినప్పుడు ఎన్ని గంటల్లో లేచింది?" అని అడగండి.

మొత్తం పని ఒకేసారి అప్పగించకండి. ముందు డబ్బిచ్చి రెండు మూడు వారాల చిన్న పని చేయించండి, కౌంట్ స్లిప్పు తెర ఒక్కటే. అది సరిగ్గా వస్తే మిగతాదీ వస్తుంది. రాకపోతే పోయింది చిన్న మొత్తమే.

కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలిపారా లేదా చూడండి. మేత, పచ్చి రొయ్య లాంటి పన్ను లేని సరుకే అమ్మేవారికి ఆ పన్ను తిరిగి రాదు, అది నికరమైన ఖర్చే. టీడీఎస్ సంగతి మీ ఆడిటర్‌ని అడిగి ఒప్పందంలోనే రాయించండి.

ఒప్పందంలో ఉండాల్సినవి

డబ్బంతా మనమే ఇచ్చాం కాబట్టి కోడ్ మనదే అని చాలామంది అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం అలా అనదు. జీతానికి ఉన్న ఉద్యోగి రాసింది యజమానిది. బయటి టీమ్ రాసింది మాత్రం సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మీది. ఆ బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం లెక్కగడుతుంది. వచ్చిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే అది పోయే నిబంధన కూడా ఉంది, వేరేగా ఒప్పుకుంటే తప్ప. కాబట్టి "శాశ్వతంగా, ప్రపంచమంతటికీ, ఏడాదిలో వాడకపోయినా చెల్లుతుంది" అన్న మాటలు లాయరు చేత పెట్టించండి.

కాగితం ఒక్కటే కాదు, తాళాలూ మీ దగ్గరుండాలి. డొమైన్ (వెబ్ చిరునామా), క్లౌడ్ సర్వర్, గిట్‌హబ్ (కోడ్ దాచుకునే చోటు), ప్లేస్టోర్, ఎస్ఎంఎస్ ఖాతాలన్నీ మీ కంపెనీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో తెరిచి, టీమ్‌కు పని చేసుకునే అనుమతి మాత్రం ఇవ్వండి. కోడ్ రోజూ మీ గిట్‌హబ్‌లోకే రావాలి. పని అయ్యాక పెన్‌డ్రైవ్‌లో ఇస్తామంటే కుదరదని చెప్పండి.

డబ్బు ఇలా విడగొడితే ఇద్దరికీ న్యాయం: సంతకానికి 15 శాతం, కౌంట్ స్లిప్పు మీ ఫోన్లో నడిచాక 25, మిగతా తెరలన్నీ వచ్చాక 25, మీ 20 బేరాలూ పైసలతో సహా సరిపోయాక 20, నిజమైన పనిలో 60 రోజులు నడిచాక చివరి 15. తప్పు సవరించడం ఉచితం, కొత్త కోరికకు వేరే ధర. ఏది తప్పో ఏది కోరికో తేల్చేది మళ్లీ మీరు మొదట రాసిన కాగితమే. ఏటా నిర్వహణకు అసలు ఖర్చులో 15 నుంచి 20 శాతం అడగడం మామూలే. అడగనివాడు రెండో ఏడాది ఫోన్ ఎత్తడు.

గట్టు మీద ఏం తేడా కొడుతుంది

సిగ్నల్. చెరువుల మధ్య నెట్ ఉంటుందని నమ్మకూడదు. స్లిప్పు ఫోన్లోనే పూర్తయి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కు వెళ్లాలి. ప్రతి స్లిప్పుకూ ఫోన్లోనే ప్రత్యేకమైన నంబరు పుట్టాలి. లేకపోతే కుర్రాడు బటన్ రెండుసార్లు నొక్కినప్పుడు ఒకే సరుకు రెండుసార్లు ఎక్కుతుంది. పరీక్ష సులువు: ఫోన్ ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి పది స్లిప్పులు కొట్టండి, మధ్యలో యాప్ మూసెయ్యండి, తర్వాత నెట్ ఆన్ చెయ్యండి. సర్వర్‌లో సరిగ్గా పదే ఉండాలి.

తెలుగు స్లిప్పు ముద్రణ. చేతిలో పట్టుకునే చిన్న థర్మల్ ప్రింటర్లలో సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు. నేరుగా పంపితే ప్రశ్నార్థకాలు, డబ్బాలు వస్తాయి. స్లిప్పును బొమ్మగా మార్చి పంపాలి. ఈ సంగతి టీమ్‌కు ముందే చెప్పండి, ప్రింటర్ మోడల్ కొని చేతికివ్వండి. ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువు నేరుగా రావాలంటే కాటాకు ఆర్ఎస్-232 పోర్టు (డేటా కేబుల్ పెట్టే చోటు) ఉందో లేదో వెనకవైపు చూడండి. లేకపోతే చేత్తో కొట్టుకోవడమే, దానికి తోడు కాటా తెర ఫోటో తీసే ఏర్పాటు.

ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం మీ సంస్థ పేరు, సందేశం నమూనా డీఎల్‌టీలో (టెలికాం కంపెనీలు నడిపే నమోదు వేదికలో) ముందే నమోదు కావాలి. ఆ పని ఒప్పందం రోజే మొదలెట్టండి. తెలుగులో ఒక సందేశానికి 70 అక్షరాలే, ఇంగ్లీషులో 160. ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్కకొస్తాయి కాబట్టి తెలుగు సందేశం ఇట్టే రెండు మూడు ముక్కలవుతుంది, ఖర్చూ అన్ని రెట్లు.

పాత ఖాతాలు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే అవి యూనికోడ్ (ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే అక్షరాల పద్ధతి) కావు, యాప్‌లో వెతికితే దొరకవు. మార్పిడికి విడిగా రోజులు, విడిగా ధర మాట్లాడండి. మార్చాక ఒత్తులు సరిగ్గా పడ్డాయా అని మీ గుమస్తా చేత చూపించండి. ఇక రైతుల ఆధార్ కాపీలు యాప్‌లో దాచే మోజు వద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చాక అది నెత్తిన పెట్టుకునే బరువే.

మొదలుపెట్టే రోజు

సార్వా (ఖరీఫ్) కోతలప్పుడో, పట్టుబడులు ముమ్మరంగా ఉన్నప్పుడో కొత్త యాప్ మొదలెట్టకండి. సార్వాకూ దాళ్వాకూ (రబీ) మధ్య ఖాళీలో మిల్లు, రెండు పంటల మధ్య చెరువులు ఎండగట్టే కాలంలో ఆక్వా. మొదట ఒక్క కొనుగోలు బృందంతో, ఒక నెలపాటు పుస్తకం, యాప్ రెండూ నడపండి. రోజూ రాత్రి రెండు మొత్తాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వచ్చిన రోజున యాప్‌నే తిట్టకండి, సగం సార్లు పుస్తకంలోనే కూడిక తప్పి ఉంటుంది.

ప్లేస్టోర్‌లో పెట్టాలంటే 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాకు 12 మంది 14 రోజులు పరీక్షించాలన్న నిబంధన ఉంది. సంస్థ ఖాతాకు డన్స్ నంబరు (డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థ కంపెనీలకు ఇచ్చే గుర్తింపు నంబరు) కావాలి. మీ సొంత సిబ్బందికే అయితే బ్రౌజర్‌లో నడిచే యాప్ చేయించుకుంటే ఈ గొడవే లేదు, అయితే అదీ ఆఫ్‌లైన్ పరీక్ష నెగ్గాలి.

చివరి 15 శాతం ఇచ్చే ముందు ఒక పని చేయించండి. టీమ్ మీ ఎదుటే కొత్త సర్వర్ తెరిచి, నిన్నటి బ్యాకప్ అందులో ఎక్కించి, మీరు పేరు చెప్పిన ముగ్గురు రైతుల బాకీ చూపించాలి. బ్యాకప్ రోజూ వెళుతోందని మెయిల్ రావడం వేరు, దాంట్లోంచి డేటా తిరిగి రావడం వేరు. బాకీ పుస్తకంతో సరిపోతే చెక్కు రాసెయ్యండి.