పాటలో గొంతు మాయమైందా? ఫోన్‌లో పాటలు వినేటప్పుడు వచ్చే సమస్యలు - పరిష్కారాలు

ఫోన్‌లో పాట సరిగ్గా వినిపించడం లేదని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే యాప్ తీసేసి మళ్లీ వేసి ఉంటారు. కొందరు ఏకంగా ఫోన్‌ని రీసెట్ చేసేసి ఉంటారు. చేయాల్సిన మొదటి పని మాత్రం చేసి ఉండరు. ఆ ఇయర్‌ఫోన్స్‌ని ఇంకో ఫోన్‌కి పెట్టి చూడాలి, పనిచేసే ఇంకో ఇయర్‌ఫోన్స్‌ని ఈ ఫోన్‌కి పెట్టి చూడాలి. అంతే. తప్పు ఏ వైపు ఉందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. దయచేసి ఇది చేశాకే కిందివాటి జోలికి వెళ్లండి.

శబ్దమే రావడం లేదు

రింగ్‌టోన్ వాల్యూమ్ వేరు, మీడియా వాల్యూమ్ వేరు. ఆండ్రాయిడ్‌లో పాట నడుస్తుండగా వాల్యూమ్ బటన్ నొక్కి, మీడియా గీత ఎక్కడుందో చూడండి. అది సరిగ్గానే ఉంటే, శబ్దం ఎటు పోతోందో చూడండి. పక్క గదిలో ఆన్‌లో ఉన్న బ్లూటూత్ స్పీకర్‌కి ఫోన్ తనంతట తాను కనెక్ట్ అయిపోయి ఉండటం చాలా మామూలు. బ్లూటూత్ ఒకసారి ఆపితే సంగతి తెలిసిపోతుంది.

టైప్-సి నుంచి 3.5 ఎంఎం జాక్‌కి మార్చే చిన్న వైరు వాడుతున్నారా? అయితే అనుమానం దాని మీదే పెట్టుకోండి. ఇవి చూడటానికి ఒకేలా ఉన్నా రెండు రకాలు. ఒక రకంలో డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చే డాక్ చిప్ ఉంటుంది. రెండో రకంలో ఏ చిప్పూ ఉండదు, ఉత్త వైర్లే. ఫోన్ టైప్-సి పోర్టు నుంచి అనలాగ్ శబ్దాన్ని (అంటే డిజిటల్ నుంచి ముందే మార్చేసిన సంకేతాన్ని) బయటికి పంపగలిగితేనే ఈ రెండోది పనిచేస్తుంది, చాలా ఫోన్లు అలా పంపవు. స్నేహితుడి ఫోన్‌లో పనిచేసిన అడాప్టర్ మీ దాంట్లో మూగబోతే కారణం ఇదే కావచ్చు. కొనేటప్పుడు డాక్ ఉన్నదే అడిగి తీసుకోండి.

ఒక చెవిలోనే వినిపిస్తోంది

ఇయర్‌ఫోన్స్ మార్చినా అదే చెవి మూగగా ఉంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందో లేదో చూడండి. ఇయర్‌ఫోన్స్ మార్చగానే బాగైతే వైరు తెగిందని అర్థం, అదీ ఎక్కువగా పిన్ దగ్గర వంగే చోటే. చెవిలో పెట్టుకునే రకమైతే ముందు జాలీ చూడండి. గుమిలి పట్టి ఉంటే జాలీని కిందికి తిప్పి, పొడి మెత్తని బ్రష్‌తో దులపండి. నీళ్లు వాడొద్దు.

వాయిద్యాలు బాగానే వస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం లేదు

అందరినీ తప్పుదారి పట్టించే సమస్య ఇది. శబ్దం రెండు చెవుల్లోనూ వస్తోంది, వాల్యూమ్ బాగానే ఉంది. అందుకే ఇయర్‌ఫోన్స్ మీద ఎవరికీ అనుమానం రాదు. ఫైల్ పాడైందనుకుంటారు, ఈక్వలైజర్ మారిందనుకుంటారు, యాప్‌ని తిడతారు. గొంతు ప్రతిధ్వని ఎక్కడో దూరంగా వినిపిస్తూ ఉంటుంది, బేస్ కూడా పలచబడుతుంది. నేనైతే ఈ లక్షణం వినగానే సెట్టింగ్స్ ముట్టుకోకుండా ముందు జాక్‌లోకి టార్చ్ వేసి చూస్తాను.

కారణం గ్రౌండ్ కాంటాక్ట్ తెగిపోవడం. ఇయర్‌ఫోన్స్ పిన్‌లో ఎడమకి ఒకటి, కుడికి ఒకటి, రెండింటికీ కలిపి గ్రౌండ్ (సంకేతం తిరిగి వెళ్లే దారి) ఒకటి ఉంటాయి. ఆ గ్రౌండ్ అందకపోతే ఎడమ స్పీకర్, కుడి స్పీకర్ ఒకదాని వెనక ఒకటి కలిసిపోతాయి. అప్పుడు వినిపించేది ఎడమ సంకేతానికీ కుడి సంకేతానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. పాటల్లో గొంతును సాధారణంగా మధ్యలో ఉంచుతారు, అంటే రెండు వైపులా సమానంగా. తాడు లాటలో రెండు జట్లూ సమానంగా లాగితే తాడు కదలనట్టు, గొంతు అక్కడికక్కడే రద్దైపోతుంది. ఒక పక్కకి జరిపి ఉంచిన వాయిద్యాలు మాత్రం మిగులుతాయి.

దీన్ని నిర్ధారించుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేయండి. ఉన్న కాస్త శబ్దం కూడా దాదాపు పూర్తిగా ఆగిపోతే గ్రౌండ్ సమస్యే, ఇంకేమీ వెతకక్కర్లేదు. మోనోలో రెండు వైపులా ఒకటే సంకేతం కాబట్టి తేడా సున్నా అవుతుంది. కొత్త పాటలు గొంతు లేకుండా వస్తూ, మోనోలో రికార్డైన పాత పాటలు అసలు వినిపించకపోవడం కూడా దీనికే గుర్తు.

ఇక గ్రౌండ్ ఎందుకు తెగింది?

ఎక్కువసార్లు దొరికేది జేబులోని నూగు. జాక్‌లోకి చేరిన దుమ్మూ నూలుపోగులూ, పిన్ పెట్టిన ప్రతిసారీ అడుగుకి నొక్కుకుపోయి గట్టిపడతాయి. పిన్ చివరిదాకా వెళ్లదు, కాంటాక్టులు ఒకదానికొకటి తగలాల్సిన చోట తగలవు. బ్యాక్ కవర్ మందంగా ఉన్నా ఇదే జరుగుతుంది. కవర్ తీసేసి పిన్ గట్టిగా నొక్కండి. టక్‌మని కూర్చోవాలి, ఫోన్ అంచుకీ ప్లగ్‌కీ మధ్య లోహం కనిపించకూడదు. ఏ కొంచెం కనిపించినా అది లోపలికి వెళ్లనట్టే.

శుభ్రం చేసేటప్పుడు ఫోన్ స్విచాఫ్ చేయండి. సన్నగా చీల్చిన చెక్క టూత్‌పిక్‌తో, గోడల వెంట మెల్లగా తిప్పుతూ నూగుని బయటికి లాగండి. లోపలికి పొడవొద్దు. పిన్నీసు, సూది లాంటివి పెడితే లోపలి స్ప్రింగులు వంగిపోతాయి, అప్పుడిక జాక్ మార్చాల్సిందే. నోటితో ఊదితే తడి చేరుతుంది, అదీ వద్దు. టైప్-సి పోర్టు వదులుగా అనిపించినా ఇదే పద్ధతి, కాకపోతే మధ్యలో ఉన్న పలచని పలక జాగ్రత్త.

జాక్ శుభ్రంగా ఉన్నా గొంతు రాకపోతే, వైరు మీద ఉన్న మైక్ బటన్ నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపు గొంతు వచ్చి, వదలగానే పోతే, అది పిన్ పద్ధతి తేడా. మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్ పిన్‌కి నాలుగు భాగాలుంటాయి. ఇప్పటి ఫోన్లు వాడే సీటీఐఏ పద్ధతిలో పిన్ కొస నుంచి లెక్కిస్తే గ్రౌండ్ మూడోది, మైక్ నాలుగోది. పాత ఓఎంటీపీ పద్ధతిలో ఆ రెండూ తారుమారు. పాత ఇయర్‌ఫోన్స్‌ని కొత్త ఫోన్‌కి పెడితే ఫోన్ గ్రౌండ్ వెళ్లి మైక్‌కి తగులుతుంది. బటన్ నొక్కినప్పుడు మైక్, గ్రౌండ్ కలుస్తాయి కాబట్టి అంతసేపు పాట పూర్తిగా వస్తుంది. మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్‌ని పాత ఎంపీ3 ప్లేయర్‌కి పెట్టినప్పుడూ ఇలాగే అవ్వొచ్చు. ఆ రెంటినీ తారుమారు చేసే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. లేదంటే మైక్ లేని ఇయర్‌ఫోన్స్ వాడండి.

బటన్ నొక్కినా మార్పు లేదు, పిన్ దగ్గర వైరు కదిపితే గొంతు వచ్చిపోతోందంటే గ్రౌండ్ వైరే తెగింది. సోల్డరింగ్ వస్తే కొత్త పిన్ వేసుకోండి, రాకపోతే ఇయర్‌ఫోన్స్ మార్చండి.

బ్లూటూత్‌లో పాట ఫోన్ కాల్‌లా వినిపిస్తోంది

ఏదో ఒక యాప్ మైక్ వాడుతోంది. బ్లూటూత్‌లో పాటలకి ఒక దారి, కాల్స్‌కి ఇంకో దారి ఉంటాయి. మైక్ అవసరమైన క్షణంలో హెడ్‌సెట్ కాల్ దారికి మారిపోతుంది. సాధారణంగా అక్కడ శాంప్లింగ్ (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్నది) 8 లేదా 16 కిలోహెర్ట్జే, పైగా మోనో. స్క్రీన్ పైభాగం చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి పచ్చ గుర్తు, ఐఫోన్‌లో నారింజ చుక్క కనిపిస్తే మైక్ ఆన్‌లో ఉండే అవకాశం ఎక్కువ. మీటింగ్ యాప్, గేమ్‌లోని వాయిస్ చాట్, రికార్డర్ మూసేయండి. ఆ హెడ్‌సెట్‌తో కాల్స్ మాట్లాడరనుకుంటే, బ్లూటూత్ సెట్టింగ్స్‌లో దాని పేరు కింద ఉన్న ఫోన్ కాల్స్ ఆప్షన్ ఆపేసి, మీడియా ఆడియో మాత్రం ఉంచండి.

తెగి తెగి వస్తోందా? ఫోన్‌ని వెనక జేబులోంచి తీసి ముందు పెట్టుకుని వినండి. ఈ తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్‌వి, మనిషి శరీరం వాటిని బాగా అడ్డుకుంటుంది. వైఫై కూడా అదే బ్యాండ్‌లో ఉంటే దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

పాట దానంతట అదే ఆగిపోతోంది

స్క్రీన్ ఆఫ్ అయిన కాసేపటికి ఆగితే బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆ యాప్‌ని ఆపుతోంది. యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ని అన్‌రిస్ట్రిక్టెడ్‌గా మార్చండి. వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టినప్పుడే ఆగుతూ మొదలవుతూ ఉంటే, మైక్ వైరు షార్ట్ అయ్యి, బటన్ నొక్కినట్టు ఫోన్‌కి అనిపిస్తోంది. చెమట చేరిన బటన్‌తో తరచూ ఇలా అవుతుంది. ఆరనివ్వండి, తగ్గకపోతే అవి మార్చాల్సిందే.

ఫైల్ పాడవడం, బోర్డు మీద సోల్డర్ పగలడం, ఆడియో చిప్ పోవడం లాంటివీ ఉన్నాయి, కానీ అరుదు. ఒక్క పాటే తేడాగా ఉంటే ఆ ఫైల్ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్ నీళ్లలో పడ్డాక మొదలైతే, కింద పడ్డాక మొదలైతే నేరుగా రిపేర్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మోనో పరీక్షలో ఏమైందో, ఏ ఇయర్‌ఫోన్స్‌తో ఎలా వినిపించిందో చెప్పండి. చాలా ఫోన్లలో జాక్ విడి భాగమో, చార్జింగ్ బోర్డులో భాగమో అయి ఉంటుంది కాబట్టి మెయిన్ బోర్డు మార్చాలంటే ఒప్పుకునే ముందు ఆ సంగతి అడగండి.