థైరాయిడ్‌కని సెలీనియం మాత్ర కొనే ముందు

డాక్టరు రాసిన థైరాయిడ్ హార్మోన్ మాత్ర థైరాక్సిన్ ఆపకండి. సెలీనియం అనే ఖనిజం దానికి బదులు కాదు. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే హషిమోటో జబ్బులో సెలీనియం రోజుకు 200 మైక్రోగ్రాములు వాడితే కొందరికి ఆ గ్రంథిపై దాడిచేసే యాంటీబాడీలు తగ్గుతాయి, అంతమాత్రాన గ్రంథి చెయ్యని హార్మోన్ వచ్చెయ్యదు. గర్భిణి మందు ఆపితే బిడ్డ మెదడు ఎదుగుదలకే ముప్పు.

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, డబ్బాలన్నీ ముందేసుకుని వెనకున్న చిన్న అక్షరాలు చదవండి. మల్టీవిటమిన్‌లోనూ, జుట్టు మాత్రలోనూ సెలీనియం ఉండొచ్చు. అన్నీ కూడండి. పెద్దవాళ్లకు రోజుకు చాలేది 55 మైక్రోగ్రాములే. ఐరోపా పెట్టిన గరిష్ఠ హద్దు 255. రోజూ బాగా దాటుతూ పోతే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసవుతాయి, ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. ఆ జుట్టు రాలడం థైరాయిడ్‌దే అనుకుని ఇంకో మాత్ర వేసుకుంటే మరీ చేటు.

కళింగపట్నం, భావనపాడు తీరంలో సముద్రపు చేప తరచూ తినేవారికి తిండిలోనే కొంత అందుతుంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బున్నవారు, ఎక్కడైనా షుగరున్నవారు డాక్టరుని అడగందే మొదలుపెట్టొద్దు. ఒంట్లో మిగిలిన సెలీనియం ఎక్కువగా మూత్రంలోనే పోవాలి. ఏళ్ల తరబడి 200 వాడిన ఒక పరిశోధనలో షుగరు వచ్చినవారు ఎక్కువగా కనిపించారు.

మాత్రలో బయోటిన్ అనే విటమిన్ ఉంటే థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి, రిపోర్టు తప్పొస్తే మోతాదూ తప్పుతుంది.

మాత్రలో ఐరన్ గానీ కాల్షియం గానీ ఉంటే దానికీ థైరాక్సిన్‌కూ 4 గంటల ఎడం ఉంచండి.

థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బు వల్ల కళ్ల జబ్బు స్వల్పంగా ఉన్నవారికి మాత్రం సెలీనియం 100 మైక్రోగ్రాములు రోజుకు రెండుసార్లు, 6 నెలలు డాక్టర్లే రాస్తారు. మేలు బాగా కనిపించింది అక్కడే.