బ్రౌజర్‌లో ఉచిత ఆటలు, 5వ పాఠం: తెరిచే ముందు కారణం

ఈ పాఠాన్ని పూర్తిగా మైన్‌స్వీపర్ అనే మందుపాతరల ఆటకే కేటాయించాలనుకున్నాను. అయితే నాలుగో పాఠం చదివి సాధన చేసినవారు పంపిన ఉత్తరాలు చూశాక, వాటికి సమాధానం చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదనిపించింది. కుకీ క్లికర్‌లో మూడు వారాలు ఓపికగా పోగుచేసుకున్నదంతా ఒక ఉదయం సున్నాగా కనిపించిందని కొందరు రాశారు. 2048లో 512 గడి వరకు వచ్చి అక్కడే ఊపిరాడక ఆగిపోయామని మరికొందరు రాశారు. ఒకటి తీరికగా ఆడే పెంపకపు ఆట, రెండోది అంకెల ఆట. కానీ రెండు చోట్లా జరిగిన తప్పు ఒక్కటే. ఏ పని చేస్తే ఇక సరిదిద్దుకోలేమో ఆ పనిని ముందుగా గుర్తించలేదు. ఆ పాఠంలో నేను కూడా ఆ విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను. అందుకే ఈసారి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

కుకీ క్లికర్ 2013 ఆగస్టులో ఫ్రెంచి ప్రోగ్రామర్ జూలియన్ తియెన్నో విడుదల చేసిన ఆట. బిస్కెట్ బొమ్మను నొక్కి కుకీలు పోగుచేసి, వాటితో ఇంకా కుకీలు చేసిపెట్టే కర్సర్, బామ్మ, పొలం లాంటివి కొనడమే ఆట. దీనిలో ఖాతా తెరవనక్కరలేదు, పాస్‌వర్డ్ అక్కరలేదు. ఆ సౌకర్యం వెనక ఉన్న షరతును చాలామంది గమనించరు. ఖాతా లేనప్పుడు మీ ఆట ఎక్కడో ఉన్న సర్వర్‌లో దాగి ఉండదు. మీ యంత్రంలో, మీరు వాడే బ్రౌజర్ ఆ సైటు కోసం కేటాయించిన చిన్న అరలో ఉంటుంది. ఆ అర మీద బ్రౌజర్ పేరు, సైటు చిరునామా రెండూ రాసి ఉన్నాయనుకోండి. క్రోమ్‌లో ఆడిన ఆట ఫైర్‌ఫాక్స్‌లో కనబడకపోవడానికి, ఫోన్‌లో ఆడినది ల్యాప్‌టాప్‌లో లేకపోవడానికి, అదే ఆటను వేరొక చిరునామాలో తెరిస్తే మొదటి నుంచి మొదలవడానికి కారణం ఇదే. చరిత్రను మిగల్చని ఇన్‌కాగ్నిటో కిటికీలో ఆడితే ఆ కిటికీలు మూసిన క్షణంలోనే ఆ అర మాయమవుతుంది. కళాశాల ల్యాబుల్లో కొన్ని యంత్రాలను ఆపి మళ్లీ వెలిగించినప్పుడల్లా పాత స్థితికి తిరిగి వచ్చేలా అమర్చి ఉంచుతారు. అక్కడ సాయంత్రం వరకు ఆడినది మరునాటికి మిగలదు. ఐఫోన్ వాడేవారు మరొక సంగతి తెలుసుకోవాలి. 2020 నుంచి సఫారీ, తనను వాడుతున్న రోజుల్లో ఏడు రోజులు గడిచినా మీరు ఒక సైటును తాకకపోతే, ఆ సైటు దాచుకున్న ఇలాంటి సమాచారాన్ని తానే తీసివేస్తుంది. పరీక్షల కోసం రెండు వారాలు ఆట మానేసిన ఒక పాఠకురాలికి జరిగింది బహుశా ఇదే అయి ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువమంది పడిన గొయ్యి మాత్రం వేరు. ఫోన్ నెమ్మదించిందనో, స్థలం చాలడం లేదనో బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్లి చరిత్రను తుడుస్తారు. అక్కడ 'కుకీలు, సైటు డేటా' అనే గడి ముందే టిక్కు పెట్టి ఉంటుంది. కుకీలంటే ప్రకటనలవాళ్లు వెంటపడటానికి వాడేవి కదా, పోతే పోనీ అనుకుని అలాగే వదిలేస్తారు. ఆ గడిలోని రెండో మాటను, అంటే 'సైటు డేటా' అన్నదాన్ని, ఎవరూ చదవరు. మీ ఆట ఉన్నది దానిలోనే. దీని గురించి ఇంత పట్టుగా రాయడానికి నాకొక కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కార్యాలయంలో యంత్రాలను శుభ్రం చేయడానికి వచ్చిన వ్యక్తి ఒకే మీటతో అన్నీ తుడిచివేశాడు. మధ్యాహ్న భోజన విరామాల్లో రెండు నెలలపాటు నేను నడిపిన ఆట దానితో పోయింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం రాత్రి నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. మీరు కూడా దాన్ని అలవాటు చేసుకోవాలని కోరుతున్నాను.

కుకీ క్లికర్‌లో ఆప్షన్స్ తెరిస్తే 'ఎక్స్‌పోర్ట్ సేవ్' అని కనబడుతుంది. దానిని నొక్కితే అర్థం కాని అక్షరాల పొడవాటి వరుస ఒకటి వస్తుంది. మీ ఆట మొత్తం ఆ వరుసలోనే ఉంటుంది. దానిని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు ఎంచుకుని కాపీ చేసి, మీకు మీరే పంపుకునే మెయిల్‌లో గానీ, నోట్స్‌లో గానీ తేదీ వేసి అతికించండి. మధ్యలో ఒక్క అక్షరం తెగినా అది పనికిరాకపోవచ్చు. కొత్త యంత్రంలో 'ఇంపోర్ట్ సేవ్' నొక్కి ఆ వరుసను అతికిస్తే వదిలిన చోటు నుంచే ఆట మొదలవుతుంది. రెండో పాఠంలో ఆడిన ఎ డార్క్ రూమ్ అనే అక్షరాల సాహస ఆటలో కూడా తెర అడుగున ఉన్న 'సేవ్' అనే మాట వెనక ఇదే ఏర్పాటు ఉంది. ఏ కొత్త ఆట మొదలుపెట్టినా, నియమాలు చదవడానికి ముందు ఈ రెండు మీటలు ఉన్నాయో లేవో వెతకండి. ఎక్స్‌పోర్ట్ లేని ఆటను ఒక్కసారి కూర్చుని ముగించేదిగానే భావించి ఆడండి.

కుకీ క్లికర్‌లో మొదట ఏది కొనాలని అడిగినవారికి సమాధానం లెక్కలోనే ఉంది. కర్సర్ ధర 15 కుకీలు, అది సెకనుకు 0.1 ఇస్తుంది, పెట్టిన కుకీలు తిరిగి రావడానికి 150 సెకన్లు పడుతుంది. బామ్మ ధర 100, ఆమె సెకనుకు 1 చేస్తుంది కనుక 100 సెకన్లు చాలు. పొలం ధర 1,100, రాబడి సెకనుకు 8, అంటే సుమారు 138 సెకన్లు. ఒకే రకం మళ్లీ కొన్న ప్రతిసారీ దాని ధర 15 శాతం పెరుగుతుంది. మూడో బామ్మకు సుమారు 133 సెకన్లు పడుతుంది, నాలుగో బామ్మకు 152 దాటుతుంది. కాబట్టి ముగ్గురు బామ్మల తరువాత పొలం కోసం దాచుకోవడమే మేలు.

ఇక 2048 విషయం. ఇటలీకి చెందిన గాబ్రియేలే చిరుల్లి 2014 మార్చిలో, 19 ఏళ్ల వయసులో, ఒక వారాంతంలో తయారుచేసిన ఆట ఇది. బాణాలతో గడులను జరిపి, ఒకే అంకె ఉన్న రెంటిని కలిపి రెట్టింపు చేస్తూ 2048 చేరాలి; ప్రతి కదలికకూ ఒక కొత్త అంకె పుడుతుంది. పెద్ద అంకెను కింది ఎడమ మూలలో ఉంచమని, పై బాణాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. చాలామంది ఆ రెండూ పాటించారు, అయినా ఆగిపోయారు. వారు పంపిన తెరచిత్రాలు చూస్తే కారణం తెలిసింది. కింది వరుసను ఎడమ నుంచి కుడికి 512, 256, 128, 64 అని చక్కగా పేర్చి, దానిపై వరుసను కూడా ఎడమ నుంచే 32, 16, 8, 4 అని పేర్చుకున్నారు. అప్పుడు 32 పెరిగి 64 అయినా దాని కింద ఉన్నది 512. కలవవలసిన 64 నాలుగు గడుల అవతల ఉంది. రెండో వరుసను ఎద్దుల అరకలా తిప్పాలి. నాగటిచాలు చివరికి వెళ్లిన అరక అక్కడే తిరిగి వెనక్కి దున్నుకుంటూ వస్తుంది కదా, అలాగే 64 పైన 32, దాని ఎడమన 16, తరువాత 8, చివరగా 4 రావాలి. ఇప్పుడు 32 పెరిగి 64 కాగానే కింది బాణం నొక్కితే 128 అవుతుంది, ఎడమ బాణం మూడుసార్లు నొక్కితే 256, 512, 1024 వరుసగా కలుస్తాయి. మధ్యలో కింది వరుస కుడి చివర ఒక చిన్న 2 వచ్చి కూర్చోవచ్చు, దానితో తొందరపడవద్దు.

పై బాణం తప్ప మరేదీ కదలని స్థితి వస్తే ఏం చేయాలని కూడా అడిగారు. కింది రెండు వరుసలు నిండి, పై రెండు ఖాళీగా ఉన్నాయనుకుందాం. పై బాణం నొక్కగానే అంతా పైకి పోయి కింద 8 గడులు ఖాళీ అవుతాయి, కొత్త అంకె వాటిలో ఒకదానిలో పుడుతుంది. మీ మూల ఉన్న నిలువు వరుసలో ఆ ఖాళీలు రెండే. అంటే ప్రమాదం నాలుగింట ఒక వంతు. వెంటనే కింది బాణం నొక్కితే మిగిలిన మూడు వంతుల సందర్భాల్లో మీ పెద్ద అంకె తన మూలకు తిరిగి వస్తుంది. కాబట్టి తప్పనిసరి అయినప్పుడు భయపడవద్దు, తప్పనిసరి కానప్పుడు నొక్కవద్దు. కొత్తగా పుట్టే అంకె పదింట తొమ్మిదిసార్లు 2, ఒకసారి 4. సగటు 2.2 కనుక 2048 చేరడానికి సుమారు 930 కదలికలు కావాలి. 930 కదలికల ఆటలో ఒక్క క్షణం ఆగి చూడటం వృథా కాదు.

కిందటి పాఠాల సంగతి ఇక్కడితో ఆపి, తర్కపు ఆటకు వస్తాను. మైన్‌స్వీపర్ 1992లో విండోస్ 3.1తో పాటు ఇళ్లలోకి, కార్యాలయాల్లోకి వచ్చింది. నియమం మీకు తెలిసినదే: తెరిచిన గడిలోని అంకె దాని చుట్టూ ఉన్న గడుల్లో ఎన్ని మందుపాతరలున్నాయో చెబుతుంది, మందుపాతర లేని గడులన్నీ తెరవాలి. చాలా సైట్లలో దొరికే రూపంలో ఒక లోపం ఉంది. చివరి రెండు గడుల్లో మందుపాతర ఎక్కడుందో ఏ తర్కంతోనూ తేలని స్థితి వస్తుంది, అప్పుడు అదృష్టం మీద పడాలి. నేర్చుకునేవారికి అది చెడు అలవాటు చేస్తుంది. అందుకే నేను సైమన్ టాథమ్ పజిళ్ల సంకలనంలోని 'మైన్స్' ఆటనే సూచిస్తాను. దూరంగా ఉన్న కంప్యూటర్‌తో కలపడానికి వాడే పుట్టీ అనే ప్రసిద్ధ ఉపకరణాన్ని రాసినది కూడా ఆయనే. ఆ సంకలనం ఉచితం, దానిలో ప్రకటనలు లేవు. ఆయన మైన్స్ ఇచ్చే ప్రతి పలకా ఊహ అవసరం లేకుండా తర్కంతోనే పూర్తయ్యేలా తయారవుతుంది. మందుపాతర పేలినా వెనక్కి తీసుకునే వీలుంది, అయితే ఎన్నిసార్లు పేలిందో కింద లెక్క చూపిస్తుంది. సరిదిద్దుకునే అవకాశం ఉన్న చోట నేర్చుకోవడం తేలిక.

9 అడ్డం, 9 నిలువు, 10 మందుపాతరల పలకతో మొదలుపెట్టండి. తెరిచిన అంకెల వరుస ఒకటి, దాని పైన మూసిన గడుల వరుస ఒకటి ఉందనుకుని, ఆ మూసిన గడులను ఎడమ నుంచి క, ఖ, గ, ఘ అందాం. మొదట గోడ దగ్గరి నమూనా. గోడను ఆనుకుని వరుసగా 1, 1 ఉన్నాయి. గోడకు ఆనుకున్న 1 చూసేది క, ఖ లను మాత్రమే, కనుక ఆ రెంటిలో ఒక మందుపాతర ఉంది. పక్కనున్న 1 చూసేది క, ఖ, గ లను. దాని ఒక్క మందుపాతర క, ఖ లలోనే ఉందని తేలిపోయింది కనుక గ నిర్భయంగా తెరవవచ్చు.

రెండోది 1, 2 నమూనా. దీనికి గోడ అక్కరలేదు. 1 చూసేది క, ఖ, గ. 2 చూసేది ఖ, గ, ఘ. 1 ఉండటం వల్ల ఖ, గ లలో ఒకటికి మించి మందుపాతర ఉండదు. 2 నిండాలంటే రెండోది ఘలో ఉండి తీరాలి. అప్పుడు ఖ, గ లలో సరిగ్గా ఒకటి ఉంటుంది కనుక క ఖాళీ. 1, 2, 1 వరుసగా వస్తే ఈ వాదనను రెండు వైపుల నుంచీ చేయండి. రెండు 1ల నెత్తిన మందుపాతరలు, 2 నెత్తిన ఖాళీ అని తేలుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ నమూనాలు ఆ అంకెలకు ఒక్క వైపు మాత్రమే మూసిన గడులు ఉన్నప్పుడే కచ్చితంగా నిలుస్తాయి. కింద గానీ పక్కన గానీ మరొక మూసిన గడి ఉంటే వాదన మొత్తం కూలిపోవచ్చు. నమూనాను కంటితో గుర్తుపట్టి వేలు వెంటనే కదిలించేవారు ఎక్కువగా పేలిపోయేది ఇక్కడే. మరొక సంగతి: 3 పక్కన ఇప్పటికే తేలిన మందుపాతర ఒకటి ఉంటే దానిని మనసులో 2గా చదవండి, రెండు ఉంటే 1గా చదవండి. ఇలా తగ్గించి చదివితే పలక మధ్యలో కూడా 1, 2, 1లు కనబడటం మొదలవుతుంది.

మందుపాతర ఉందని గుర్తుగా జెండాలు పాతడానికి కంప్యూటర్‌లో మౌస్ కుడి మీట, ఫోన్‌లో కాసేపు నొక్కి పట్టడం. నాకు చిన్న పలకల్లో జెండాలు నచ్చవు. జెండా ఉంటే దాని వెనక కారణాన్ని మళ్లీ పరిశీలించడం మానేస్తాం. బ్రౌజర్‌ను 150 శాతానికి పెద్దది చేసుకుని ఆడతాను. పొరపాటున పక్క గడి మీద వేలు పడటం దానితో దాదాపు పోతుంది.

పాత ఆటల లింకులు తెరిస్తే తెల్లటి తెర మాత్రమే కనబడుతోందని రాసినవారికి ఒక్క మాట. అవి ఫ్లాష్ అనే పాత బ్రౌజర్ సాంకేతికతతో చేసినవి, దానికి మద్దతు 2020 డిసెంబర్ 31న ముగిసింది. ఫ్లాష్‌ను అనుకరించే రఫిల్ అనే ఉచిత ఎమ్యులేటర్ వాటిలో చాలావాటిని ఆడిస్తుంది.

ఈ వారం సాధన. మైన్స్‌లో 9 గుణించు 9 పలకలు పది ఆడండి. వాటిలో ఒక పలకకు మాత్రం నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, తెరిచే ప్రతి గడికీ తెరవక ముందే కారణాన్ని ఒక వాక్యంలో రాయండి. ఏ అంకెను చూసి, ఏ మూసిన గడులను లెక్కించి ఆ నిర్ణయానికి వచ్చారో ఆ వాక్యంలో ఉండాలి. గంట పట్టినా ఫరవాలేదు. వాక్యం రాయలేకపోతే ఆ గడిని తెరవకుండా పలకలో మరొక మూలకు వెళ్లండి; రాయగలిగిన చోటు ఎక్కడో ఒకటి ఉంటుందని ఈ ఆట హామీ ఇస్తోంది. ఆరో పాఠంలో లీచెస్ అనే సైటులో చదరంగం మొదలుపెడతాం. దానికి ఖాతా ఉంటే మంచిది కనుక ముందే తెరిచి ఉంచండి, ఆ రోజు పలక ముందు కూర్చునేటప్పుడు ఈ నోటుపుస్తకం కూడా దగ్గర ఉండాలి.