వీధి కాపలా – పాఠం 3: పక్క వీధితో లింకు

మొదటి పాఠంలో మీ వీధి పటం గీశారు. రెండో పాఠంలో బీట్ కానిస్టేబుల్‌ను, వార్డు సచివాలయంలోని మహిళా పోలీసును పరిచయం చేసుకున్నారు. ఆ రెండూ అయ్యాకే ఇందులోకి రండి. చేతిలో పటం లేకపోతే ఈ వారం పని ముందుకు సాగదు.

ఇప్పుడు అసలు చిక్కు. విశాఖ ఎంవీపీ కాలనీలో మెడలో గొలుసు తెంపినవాడు అక్కడే నిలబడడు కదా! సందుల్లోంచి ఇసుకతోట చేరి హైవే ఎక్కేస్తాడు. ఈలోగా ఆ వీధిలో నలుగురూ గుమిగూడి "ఏమైంది, ఏమైంది" అని అడుగుతూ ఉంటారు. వాడు పోతున్న దారిలోని వీధికి మాత్రం కబురు అందదు. మీ వీధివాళ్లు ఎంత కలిసికట్టుగా ఉన్నా, ఆ కలిసికట్టు మలుపు దగ్గరే ఆగిపోతే సగం పనే అయినట్టు.

మలుపు దాటించడానికి ఇంకో వాట్సాప్ గ్రూపు అక్కర్లేదు, ఉన్నవే ఎక్కువయ్యాయి. రెండు వీధులకూ తెలిసిన మనిషి కావాలి. ఈ పాఠాల్లో లింకు మనిషి అందాం.

లింకు మనిషి అనగానే అందరి చూపూ అసోసియేషన్ ప్రెసిడెంట్ మీదికి పోతుంది. ఆయన మంచివాడే కావచ్చు. కానీ పగలు ఆఫీసులో ఉంటారు, పక్క వీధిలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువ. ఇస్త్రీ బండి అతనికి రెండు వీధుల ఇళ్లూ తెలుసు, ఏ ఇంట్లో ఎవరు కొత్తగా దిగారో కూడా తెలుసు. మలుపులో ఇడ్లీ బండి పెట్టే ఆమె చీకటి ఉండగానే వచ్చి రోడ్డు చూస్తూ ఉంటుంది. డ్వాక్రా సంఘం లీడర్‌కు పక్క వీధి ఆడవాళ్లతో ఎలాగూ రాకపోకలుంటాయి. అప్పు వాయిదాల విషయంలో ఒకరినొకరు నమ్మి కూర్చునేవాళ్లు కబురు విషయంలో నమ్మరా?

వేళ కూడా చూడండి. పగలు మేలుకుని ఉండేవారు అందరికీ దొరుకుతారు, రాత్రికి దొరకడమే కష్టం. గాజువాక వైపైతే స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు దిగి రాత్రి ఇంటికి వచ్చేవారు ఉంటారు. కంచరపాలెం, మర్రిపాలెం వైపు రైల్వే రన్నింగ్ స్టాఫ్ (రైళ్లు నడిపే డ్రైవర్లు, గార్డులు) ఏ వేళకైనా డ్యూటీకి బయల్దేరతారు. పెదజాలారిపేటలో తెల్లారకముందే వేటకు లేచేవాళ్లున్నారు. మీ పటం మీద ఒక్కో ఇంటికీ "ఎవరు ఏ వేళ మెలకువగా ఉంటారు" అని పెన్సిలుతో రాయండి. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఖాళీ కనబడితే ముందు అక్కడికి మనిషిని వెతకాలి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ప్రత్యేకంగా ఒక మాట. వాచ్‌మన్ కుటుంబం సెల్లార్‌లోనే కాపురం ఉంటుంది. లోపలికి వచ్చే ప్రతి బండినీ చూసేది వాళ్లే. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో రోజూ మాట్లాడేదీ వాళ్లే. కానీ ఏ గ్రూపులోనూ వాళ్లుండరు. పైగా ఏదైనా పోతే మొదటి అనుమానం వాళ్ల మీదే. అనుమానితుణ్ణి చేసినవాడు మీకు కబురెందుకు చెబుతాడు? ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఏ ఫ్లోర్‌లో ఏం జరుగుతోందో కాదు, గేటు బయట ఏం చూస్తున్నాడో అడగండి. ఫ్లాట్ల గుట్టు అడిగితే అది కాపలా అనిపించుకోదు, చాడీ అవుతుంది. మొదటి లింకు మనిషిగా వాచ్‌మన్‌నే పెట్టుకోమని నా సలహా. కొందరు ఫ్లాట్ యజమానులకు ఇది నచ్చదని తెలుసు.

కబురు ఎలా పాకాలో చూద్దాం. ప్రతి లింకు మనిషికీ ఇద్దరే ఇద్దరు: మీ వీధికి అటు ఒకరు, ఇటు ఒకరు. ఫోన్ నంబరుతో పాటు ఇల్లు కూడా తెలిసి ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, సెల్ సిగ్నల్ పోయింది. ఆ రోజు కాంటాక్ట్ లిస్టు ఎవరికీ పనికిరాలేదు, నడిచి వెళ్లి తలుపు తట్టినవాడే పనికొచ్చాడు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష ఆవిరి కమ్మినప్పుడు తెల్లవారుజాము, జనం గాఢనిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు. అలాంటి వేళ గ్రూపులో పెట్టిన మెసేజ్ ఎవరు చూస్తారు? అందుకే రాత్రి పది దాటితే మెసేజ్ వద్దు. కాల్ చెయ్యండి, ఎత్తకపోతే వెళ్లి తలుపు కొట్టండి. నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి: 112, ఆన్‌లైన్ మోసానికి 1930, మహిళలకు 181, పిల్లలకు 1098.

ఇక మెసేజ్ సంగతి. "బీహారీ గ్యాంగ్ తిరుగుతోంది, అందరూ జాగ్రత్త" అని రాయకూడదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పేరుతో ఇలాంటివే తిరిగి, చాలా రాష్ట్రాల్లో ఏ పాపం ఎరగనివాళ్లు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి ఐదు చాట్లకే పరిమితం చేసింది. మరి ఎలా రాయాలి?

"సెక్టార్ 5, పార్కు వెనక గేటు. మధ్యాహ్నం 2.40. నంబర్ ప్లేట్ లేని నల్ల స్కూటీ, ఇద్దరు. తాళం ఉన్న ఇంట్లోకి తొంగి చూసి ఇసుకతోట వైపు వెళ్లారు. నేనే చూశాను. 112కి చెప్పాను."

చోటు, వేళ, చూసిన పని, పోయిన వైపు, చూసింది ఎవరు, పోలీసుకు చెప్పారా. ఊరు, భాష, కులం ఇందులో ఎక్కడా లేవు, ఉండకూడదు కూడా.

"మేం తిరుపతి వెళ్తున్నాం, నాలుగు రోజులు ఉండం" అని కూడా గ్రూపులో పెట్టకండి. నూట ఇరవై మందికి ఇంటి తాళం చూపించినట్టే. పక్కింటివాళ్లకు, లింకు మనిషికి చెప్పండి. తాళం వేసిన ఇళ్ల నిఘాకు ఏపీ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ మీ స్టేషన్‌లో ఎలా నడుస్తోందో బీట్ కానిస్టేబుల్‌ను అడిగి తెలుసుకోండి.

ఎవరినైనా పట్టుకోవచ్చా అని కుర్రాళ్లు తప్పకుండా అడుగుతారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ ప్రకారం, మీ కళ్లెదుటే బెయిలు హక్కుగా దొరకని కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం జరిగితే పట్టుకోవచ్చు. కానీ ఆలస్యం చేయకుండా, ఎంత కాదన్నా ఆరు గంటల్లోపు పోలీసుకు అప్పగించాలి. అనుమానం మీద పట్టుకోవడానికి అది చోటివ్వదు. కొట్టడానికి అసలే ఇవ్వదు. పుట్టిన చోటు, భాష, కులం లాంటి కారణంతో ఐదుగురో అంతకుమించో కలిసి ఒకరిని చంపితే, బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షల చట్టం) 103వ సెక్షన్‌లో ఒక్కొక్కరికీ మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ రాసి ఉంది. ఈ పేరా చదివి వినిపించాకే కుర్రాళ్లను లింకులో చేర్చుకోండి.

పోలీసులకు దగ్గరవడంలోనూ ఒక గీత ఉంది. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్, అంటే పోలీసులకు తోడ్పడే మామూలు జనం వాలంటీర్ల బృందం, మంచి పేరే తెచ్చుకుంది. 2020లో సాత్తాన్‌కుళం కస్టడీ మరణాల సమయంలో దాని వాలంటీర్ల మీద ఆరోపణలు వచ్చాయి, జులైలో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. లాఠీ, టోపీ, ఐడీ కార్డు ఇస్తామన్నా వద్దనండి. చూసింది చెప్పడమే లింకు మనిషి పని.

ఈ వారం అభ్యాసం: మీ పటం అంచున ఉన్న రెండు మలుపులు ఎంచుకుని, ఒక్కో మలుపు దగ్గర ఒక మనిషితో మాట్లాడి ఒప్పించండి. ఆదివారం సాయంత్రం "ఎర్ర బకెట్ కనబడింది" అని ఒక ఉత్తుత్తి కబురు ఫోన్లో వదలండి. మూడో వీధిలో ఎవరికి చేరింది, ఎంతసేపట్లో, ఎలా మారి చేరిందో రాసి పెట్టుకోండి. బకెట్ నీలంగా మారితే ఎక్కడ మారిందో వెనక్కి వెతకండి.

పాఠం 4లో ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, ఎస్సైతో నెలవారీ మీటింగ్ అడగడం నేర్చుకుందాం.