1099-ఆర్ తప్పుగా వచ్చిందా? టాక్స్ రిటర్న్ వేసే ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఉద్యోగం మారి, పాత కంపెనీలోని 401కె (కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ పొదుపు ఖాతా) డబ్బును వేరే ఖాతాకు మార్చుకున్నవాళ్ళకు మరుసటి ఏడాది మొదట్లో 1099-ఆర్ అనే ఫారం వస్తుంది. రిటైర్మెంట్ ఖాతా నుంచి బయటికి వెళ్ళిన డబ్బు లెక్క అందులో ఉంటుంది. చాలామంది దాన్ని టాక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేసి ముందుకు వెళ్ళిపోతారు. దయచేసి అలా చేయకండి, ఒకసారి ఆగి చదవండి.

ముందు 7వ బాక్సు చూడండి. అందులో ఉండేది చిన్న కోడ్, కానీ పన్ను అంతా దాని మీదే ఆధారపడుతుంది. డబ్బు ఒక ప్లాన్ నుంచి నేరుగా ఇంకో ప్లాన్‌కో, మామూలు ఐఆర్‌ఏకో (మన పేరు మీద సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) వెళ్ళి ఉంటే అక్కడ 'జి' ఉండాలి, పన్ను పడే మొత్తాన్ని చూపే 2ఎ బాక్సులో సున్నా ఉండాలి. మా ఇంటికి ఒక ఏడాది 'జి' బదులు '1' పడి వచ్చింది. '1' అంటే యాభై తొమ్మిదిన్నర ఏళ్ళు నిండకముందే డబ్బు బయటికి తీసేసుకున్నట్టు లెక్క. 40,000 డాలర్ల మీద ఆ కోడ్ పడితే మామూలు ఆదాయపు పన్ను కాక, పది శాతం చొప్పున ఇంకో 4,000 డాలర్లు కట్టమంటారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అయితే '1' కనిపించిన ప్రతిసారీ అది తప్పు కాదు. చెక్కు మీ పేరు మీదే వచ్చి, 20 శాతం పన్ను పట్టుకుని ఉంటే, మీరు 60 రోజుల్లో మొత్తం ఐఆర్‌ఏలో వేసినా ఫారంలో '1' ఉంటుంది. ఆ పట్టుకున్న 20 శాతాన్ని కూడా మీ చేతి నుంచి వేసి ఉంటేనే మొత్తానికి పన్ను తప్పుతుంది. ఈ సంగతి ఫారంలో కాదు, రిటర్న్‌లో చూపించాలి. అదే చెక్కు మీ ఇంటికి వచ్చినా, మీ ఖాతా కోసమని కొత్త సంస్థ పేరు మీద రాసి ఉంటే, డబ్బు నేరుగా మారినట్టే. అప్పుడు '1' పడితే అది తప్పే. మామూలు 401కె నుంచి రాత్ ఐఆర్‌ఏకు (పన్ను ముందే కట్టి డబ్బు వేసే ఖాతా) మార్చినవాళ్ళకు మాత్రం 'జి' ఉన్నా 2ఎలో మొత్తం కనిపిస్తుంది, కంగారు పడకండి.

నిజంగా తప్పే అయితే, ఫారం మీద పేరున్న సంస్థకు ఫోన్ చేసి సవరించిన ఫారం అడగండి. చెక్కు కాపీ, కొత్త ఖాతా స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌తో వదిలేయకుండా రాతపూర్వకంగా కూడా పంపండి. ఇండియాకు తిరిగి వచ్చేసినవాళ్ళు అడ్రస్ మార్చారో లేదో చూసుకోండి, లేకపోతే సవరించిన ఫారం పాత అపార్ట్‌మెంట్‌కే పోతుంది.

ఫిబ్రవరి నెలాఖరుకు కూడా రాకపోతే ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖ) ఫోన్ చేయండి. వాళ్ళు ఆ సంస్థను అడుగుతారు, మీకు 1099-ఆర్ బదులు వాడే ఫారం 4852 పంపుతారు. సరైన అంకెలు, అవి ఎలా తేలాయో అందులో రాసి రిటర్న్‌తో జతచేయాలి. ఏ ఫారమూ జతచేయకుండా అంకె మార్చేయడం మాత్రం వద్దు. తప్పు ఫారం కాపీ ఐఆర్‌ఎస్ దగ్గర కూడా ఉంటుంది, లెక్క కలవకపోతే తర్వాత తేడా ఎందుకని అడిగే సీపీ2000 నోటీసు వస్తుంది.

రిటర్న్ ఆఖరి తేదీ ఏప్రిల్ 15 దగ్గరపడితే, గడువు పెంచమని అడిగే ఫారం 4868 వేసి అక్టోబర్ 15 దాకా గడువు తీసుకోండి. ఆ గడువు రిటర్న్‌కే, పన్ను డబ్బుకు కాదు. కట్టాల్సింది ఉంటే ఏప్రిల్‌లోనే కట్టేయండి. రిటర్న్ వేశాక వేరే అంకెలతో సవరించిన ఫారం వస్తే, రిటర్న్‌ను సరిచేసే 1040-ఎక్స్ వేయాలి. మీ రాష్ట్రంలో ఆదాయపు పన్ను ఉంటే ఆ రిటర్న్ కూడా సరిచేయండి.